తగన్రోగ్‌లో చెకోవుల కొట్టు

రష్యాకు దక్షిణాన, అజోవ్ సముద్రపు ఒడ్డున తగన్రోగ్ అనే రేవు పట్నం ఉంది. అక్కడ ఒక రెండంతస్తుల ఇటుక మేడ. కింద కొట్టు, పైన కాపురం. టీ, చక్కెర, కాఫీ, ఇతర విదేశీ సరుకులు దొరుకుతాయని బోర్డు. 1869లో ఈ ఇంట్లోకి అద్దెకు దిగిన కిరాణా వ్యాపారి పావెల్ చెకోవ్. 1977 నుంచి అది మ్యూజియం, ఆయన మూడో కొడుకు ఆంటన్ పుణ్యమా అని. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలను విశాలాంధ్ర షాపుల్లో కొనుక్కుని చదివిన తరానికి ఆంటన్ చెకోవ్ ఇంట్లో మనిషే. ఆయన కథల్లోకి వెళ్లే దారి మాత్రం ఈ కొట్టులోంచే అని నా నమ్మకం.

పావెల్ తండ్రి యెగోర్ ఒక భూస్వామి కింద బానిస రైతు. కూడబెట్టిన డబ్బుతో 1841లో తలకు 700 రూబుళ్ల చొప్పున 3,500 రూబుళ్లు కట్టి తననూ, భార్యనూ, ముగ్గురు కొడుకులనూ విడిపించుకున్నాడు. కూతురికి డబ్బు చాలలేదు. దొర ఆ పిల్లను ఊరికే వదిలేశాడు. అంటే పదహారేళ్లు వచ్చేదాకా పావెల్ వేరొకరి ఆస్తి. తర్వాత తగన్రోగ్‌లో ఒక షావుకారు దగ్గర గుమాస్తాగా చేరి, 1857లో సొంత కొట్టు తెరిచాడు.

ఆ కొట్లో దొరకనిదేముంది! కొవ్వొత్తులు, కిరసనాయిలు, సబ్బులు, ఉప్పుచేపలు, మందులు, ఒక పక్కన సారా. పొద్దున్నే తెరిస్తే రాత్రి పొద్దుపోయేదాకా బేరమే. తండ్రి బయటికెళితే గల్లాపెట్టె దగ్గర ఆంటన్ కూర్చోవాలి. చలికాలం సిరాబుడ్డిలో సిరా గడ్డకట్టేదట. చేతిలో లాటిన్ పాఠం, ఎదురుగా సారా తాగే జనం. జీతం లేకుండా పనిచేసే ఇద్దరు పల్లెటూరి కుర్రాళ్లకూ, కన్నకొడుకులకూ పావెల్ చేతి దెబ్బలు సమానమే. ‘వాంకా’ కథలో తాతకు ఉత్తరం రాసుకునే పిల్లాణ్ని చదివినప్పుడల్లా నాకు ఆ కుర్రాళ్లే కళ్లముందు నిలుస్తారు.

పెద్దకొడుకు అలెగ్జాండర్ రాసిన జ్ఞాపకాల్లో ఒక ఎలుక ఉంది. ఆలివ్ నూనె పీపాలో పడి చచ్చింది. నూనె పారబోస్తే నష్టం, దాచి అమ్మితే పాపం. పావెల్ పూజారిని పిలిపించి, పదిమంది ముందు ఆ నూనెను శుద్ధి చేయించాడు. ఊరంతా తెలిసిపోయింది, కొనేవాళ్లు మొహం చాటేశారు. ఆ మనిషి భక్తిలో దొంగతనం లేదు. చర్చిలో పాటల బృందం నడపడమంటే ఆయనకు ప్రాణం. తెల్లవారకముందే లేచి ఆ బృందంలో పాడిన రోజుల్లో తాము చిన్న ఖైదీల్లా ఉండేవాళ్లమని ఆంటన్ పెద్దయ్యాక రాశాడు.

సొంతింటి మోజు కొంప ముంచింది. కట్టినవాడు ఇటుకల లెక్కన డబ్బు తీసుకుంటూ గోడలు కావాలని మందంగా లేపాడట. సగంలో అప్పు చేయాల్సి వచ్చింది. 500 రూబుళ్లు. అది తీర్చలేక పావెల్ చేతులెత్తేశాడు. మన ఊళ్లలోనైతే ఐపీ పెట్టాడనేవారు. అక్కడ బాకీదారుణ్ని జైల్లో వేసే చట్టం అప్పటికి ఇంకా ఉండేది. 1876లో ఆయన మాస్కోకు పారిపోయాడు. తెలిసినవాళ్ల కంట పడకుండా ఊరి స్టేషన్ వదిలి, తర్వాతి స్టేషన్‌లో రైలెక్కాడు. ఆదుకుంటానన్న నమ్మకస్తుడు, ఇంట్లో అద్దెకున్న మనిషే, ఇల్లు తన పేర రాయించుకున్నాడు.

తల్లి యెవ్గేనియా కూడా మాస్కో చేరింది. చదువు పూర్తి చేయడానికి ఆంటన్ ఊళ్లోనే ఉండిపోయాడు. అప్పటికి అతనికీ పదహారే. తమదిగా ఉన్న ఇంట్లోనే, దాన్ని దక్కించుకున్నవాడి మేనల్లుడికి పాఠాలు చెప్పి తలదాచుకున్నాడు. ఇంట్లో మిగిలిన సామాను అమ్మి మాస్కోకు డబ్బు పంపాడు. 1879లో వైద్యం చదవడానికి తనూ వెళ్లాడు. ఆ తర్వాత ఇంటి బరువు అతనిదే.

1892లో మాస్కో దగ్గర మెలిహోవోలో ఎస్టేటు కొని తల్లిదండ్రులను తెచ్చి పెట్టుకున్నాడు. తాత ఒకరి ఆస్తి, మనవడు భూమికి యజమాని. తగన్రోగ్ లైబ్రరీకి పెట్టెలకు పెట్టెలు పుస్తకాలు పంపాడు. పావెల్ మెలిహోవోలో కూడా పద్దు రాయడం మానలేదు. 1898లో చనిపోయేదాకా ఆయన డైరీ నిండా ఒకటే వరస: ఇవాళ చలి ఎంత, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు.