పింఛనుతో ఆగని హక్కు.. సలహా మండలిలో జిల్లాలకూ చోటు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: దివ్యాంగులకు ప్రభుత్వ సాయం అనగానే నెలనెలా అందే పింఛనే గుర్తుకు వస్తుంది. రాష్ట్రంలో దానిని 2023లో రూ.3,016 నుంచి రూ.4,016కు పెంచారు. అయితే చట్టం ఇచ్చిన హక్కు అంతటితో ఆగదు. సొంత ఊరిలో, తనవారి మధ్య, ఇతరులతో సమానంగా జీవించే హక్కు ప్రతి దివ్యాంగునికీ ఉన్నదని 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం స్పష్టం చేస్తోంది. ఆ దిశగా ప్రభుత్వానికి మార్గం చూపవలసిన వేదిక రాష్ట్ర సలహా మండలి. అందులో జిల్లాలకూ స్థానాలు ఉన్నాయి.

స్వతంత్ర జీవనం అంటే..

ఎవరి సాయమూ లేకుండా బతకడమని దీని అర్థం కాదు. ఎక్కడ ఉండాలో, ఎవరి సాయం తీసుకోవాలో ఆ వ్యక్తే నిర్ణయించుకోవడం. ఫలానా వసతి గృహంలోనే ఉండాలన్న నిర్బంధం ఎవరికీ కలగకుండా ప్రభుత్వం కృషి చేయాలని, ఇంటివద్ద సేవలు, వ్యక్తిగత సహాయకులు వంటి ఏర్పాట్లు అందుబాటులోకి తేవాలని చట్టంలోని 5వ సెక్షన్ చెబుతోంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారు తమకు అధిక సహాయం అవసరమైతే 38వ సెక్షన్ కింద దరఖాస్తు చేసుకోవచ్చు. వారి తరఫున ఇతరులు కూడా దరఖాస్తు చేయవచ్చు.

మండలిలో ఎవరెవరు?

66వ సెక్షన్ ప్రకారం సంబంధిత శాఖ మంత్రి మండలికి అధ్యక్షులు. వివిధ శాఖల కార్యదర్శులు, శాసనసభ్యులు, నిపుణులు ఇందులో ఉంటారు. దివ్యాంగుల సంఘాలు, స్వచ్ఛంద సంస్థల తరఫున పది మందిని నియమించాలి. వారు సాధ్యమైనంత వరకు దివ్యాంగులే కావాలి. వారిలో కనీసం ఐదుగురు మహిళలు, ఎస్సీ, ఎస్టీల నుంచి ఒక్కొక్కరు ఉండాలి. నామినేటెడ్ సభ్యుల పదవీకాలం మూడేళ్లు. ఆరు నెలలకు ఒకసారైనా మండలి సమావేశం కావాలి. రాష్ట్ర విధానాన్ని రూపొందించడం, శాఖల పనితీరును సమీక్షించడం, పథకాల ఫలితాలను అంచనా వేయడం దీని విధులు.

అమెరికాలో 1992 చట్ట సవరణతో ఏర్పడిన రాష్ట్ర స్వతంత్ర జీవన మండళ్లలో సగానికి పైగా సభ్యులు దివ్యాంగులే ఉండాలన్నది నిబంధన. మూడేళ్లకొకసారి రాష్ట్ర ప్రణాళిక తయారీలో వాటికి భాగం ఉంటుంది. మన చట్టంలో ఆ మెజారిటీ నిబంధన లేదు.

మన జిల్లాల వంతు ఎప్పుడు?

జిల్లాల తరఫున మండలిలో ఐదుగురికి చోటు ఉంది. వంతుల వారీగా ప్రభుత్వం వీరిని నియమిస్తుంది. జిల్లా యంత్రాంగం సిఫారసు లేనిదే ఈ నియామకం జరగదు. రాష్ట్రంలో 33 జిల్లాలు ఉన్నాయి. ప్రతి జిల్లాకూ వరుసగా వంతు వచ్చినా మళ్లీ అవకాశం రావడానికి సుమారు ఇరవై ఏళ్లు పడుతుంది.

2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాల అవసరాలు ఒక్కటి కావు. భూపాలపల్లి జిల్లాలోని పలిమెల, మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ వంటి అటవీ మండలాల వారికి దూరమే పెద్ద సమస్య. జనగామ జిల్లా పల్లెల వారి అవసరాలు వేరు. అందుకే 72వ సెక్షన్ కింద ఏర్పాటు చేయవలసిన జిల్లా స్థాయి కమిటీకి ప్రాధాన్యం ఉంది. రాష్ట్ర మండలిలో వంతు లేని కాలంలో స్థానికుల మాట వినిపించడానికి ఇది అవసరం.

ఎక్కడ అడగాలి?

సోమవారం కలెక్టరేట్లలో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు. జిల్లా కమిటీలో సభ్యులెవరు, ఎప్పుడు సమావేశమైంది, రాష్ట్ర మండలికి ఎవరిని సిఫారసు చేశారు అన్న ప్రశ్నలు అడగడం ప్రజల హక్కు. ప్రభుత్వ సంస్థలలో ఉద్యోగ వివక్షపై 23వ సెక్షన్ కింద నియమితులైన ఫిర్యాదుల పరిష్కార అధికారిని కలవాలి. హక్కుల ఉల్లంఘనపై రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌ను ఆశ్రయించవచ్చు. విచారణలో సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి విషయాల్లో కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి. కమిషనర్ సిఫారసుపై సంబంధిత అధికారులు మూడు నెలల్లోగా తీసుకున్న చర్యను తెలపాలి. సిఫారసును అంగీకరించకపోతే కారణాన్ని బాధితునికీ తెలియజేయాలి.