పెరట్లో వేడి పెట్టె: కొనేముందు ఒక లెక్క

డ్రోహెడాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు తాళాలు చేతికొచ్చిన మొదటి వేసవిలోనే పెరట్లో నాలుగు మెంతులు, గుప్పెడు ధనియాలు చల్లడం రివాజు. రెండో ఏడు పాలకూర, చుక్కకూర. మూడో ఏటికి చిన్న గాజు గదో, ప్లాస్టిక్ గుడారమో వేసి గోంగూరకు సాహసిస్తారు. సరిగ్గా అక్కడే ఎరువు సమస్య ఎదురవుతుంది. కొత్త కాలనీల పెరళ్ళలో చాలాచోట్ల పైన నాలుగంగుళాల మంచి మట్టి, కింద బిల్డరు వదిలేసిపోయిన రాళ్ళూ జిగట మన్నూ. కొట్లో కొన్న సంచీ ఒక మడికి చాలదు. అప్పుడు ఎవరో ఒకరు హాట్ కంపోస్టర్ మాట ఎత్తుతారు. ధర విన్నాక ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఆ చర్చకు పనికొచ్చే నాలుగు విషయాలు మన సంచిక పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఒక అపోహ తీర్చుకోవాలి. పేరులో 'హాట్' ఉంది కదా అని లోపల హీటరుంటుందనుకునేవాళ్ళు ఉన్నారు. సాధారణంగా దొరికే వాటిలో హీటరూ లేదు, కరెంటు వైరూ లేదు. థర్మోకోల్ లాంటి దళసరి గోడలు, బిగుతైన మూత, గాలికి కింద సందు, పైన ఇంకొకటి. అంతే. వేడి పుట్టించేది లోపల వేసిన చెత్తను తినే సూక్ష్మజీవులు. మొదట మామూలు వెచ్చదనంలో బతికేవి పని మొదలుపెడతాయి. వేడి 40 డిగ్రీలు దాటాక వేడిని ఇష్టపడే మరో రకం వచ్చి 60 దాకా, ఒక్కోసారి ఇంకా పైకి తీసుకుపోతాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఊరి దిబ్బ మీంచి ఆవిరి లేవడం చూసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఆ దిబ్బ బండ్లకొద్దీ ఉంటుంది కనుక దాని లావే దానికి దుప్పటి. సుమారు ఘనమీటరు పోగు, అంటే వెయ్యి లీటర్లు ఉంటే తప్ప తన వేడిని తాను నిలుపుకోలేదు. పెరట్లో పెట్టుకునే పెట్టె 200 లీటర్లు. ఆ తక్కువైన లావుకు బదులుగా గోడలకు నురుగు ప్లాస్టిక్ పొదిగారు. ఆ పొదుగుడికే మనం డబ్బిస్తున్నాం.

ఈ విద్యలో మన దేశం వెనకబడిందేమీ కాదు. ఆల్బర్ట్ హోవర్డ్ ఇండోర్‌లో పనిచేసిన రోజుల్లో, యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో ప్రచురించిన పద్ధతి నేటికీ 'ఇండోర్ పద్ధతి'గానే ప్రపంచమంతటా పేరు. పచ్చి చెత్త, ఎండు చెత్త, పేడ పొరలు పొరలుగా వేసి, మధ్యమధ్య తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు. బెంగుళూరులో ఆచార్య గారు రూపొందించిన పద్ధతిలో తిరగేసే శ్రమ లేదు, గోతిలో వేసి కప్పి ఉంచడమే. కాకపోతే ఆరేడు నెలలు ఓపిక పట్టాలి. శ్రమ పెడితే త్వరగా, ఓపిక పడితే ఆలస్యంగా. వేడి పెట్టె అమ్మేవాళ్ళు రెండూ అక్కర్లేదంటారు. అది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు.

బోయిన్ నది ఒడ్డు నేల మంచిదే. ఊరికి పడమర ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో న్యూగ్రేంజ్ కట్టినవాళ్ళు అయిదువేల ఏళ్ళ నాటి సేద్యగాళ్ళు! ఇబ్బందల్లా చలితో. డిసెంబరు, జనవరిలో సగటు వేడి 5 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, పగలు ఏడున్నర గంటలే. అడుగు లేని మామూలు ప్లాస్టిక్ డబ్బాలో చెత్త ఆ రెండు మూడు నెలలూ దాదాపు నిద్రపోతుంది. ఎరువు కావడానికి తొమ్మిది నెలలు, ఏడాది. పైగా అందులో అన్నం, పప్పు, కూర వేయరాదు, వేస్తే ఎలుకలొస్తాయి. ఎలుకలొచ్చాక పక్కింటివాళ్ళతో మాటలు రావడానికి ఎంతోసేపు పట్టదు. వేడి పెట్టె అసలు గొప్పతనం ఇక్కడే ఉంది. మూత, అడుగు ఉండి, లోపల 55 డిగ్రీలు దాటి నాలుగు రోజులు నిలిస్తే వండిన పదార్థం కూడా వాసన లేకుండా కరిగిపోతుంది, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి.

అయితే ఆ వేడి నిలవాలంటే మేత పడాలి. వారానికి అయిదు కిలోలైనా వేయనివారింట్లో అది ఖరీదైన మామూలు డబ్బా అవుతుంది. మన వంటిల్లు ఈ విషయంలో అదృష్టవంతురాలు. తోటకూర కాడలు, అరటి తొక్కలు, ఆనపకాయ చెక్కు, చింతపండు పిప్పి, టీ పొడి, మిగిలిన అన్నం, పూజ పూలు, అన్నీ మంచి మేతే. నలుగురున్న ఇంట్లో రోజూ రెండు పూటలా వండితే అయిదు కిలోలు కష్టం కాదు. భార్యాభర్తలిద్దరూ డబ్లిన్ రైలెక్కి, వారాంతంలో మాత్రమే పొయ్యి వెలిగించే ఇంట్లో రెండు కిలోలు కూడా తేలవు. కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు వేయొద్దు, అవి ఏళ్ళతరబడి అలాగే ఉంటాయి. పాత ఆవకాయ జాడీ తెచ్చి కుమ్మరించొద్దు. ఆ ఉప్పు, నూనె మొక్కకూ పురుగుకూ గిట్టవు.

పచ్చి మేతకు తోడు ఎండుది తప్పనిసరి. ఇండియా సరుకుల కొట్టు నుంచి వచ్చే అట్టపెట్టెలు చింపి వేయండి, కొబ్బరి పీచు వేయండి, గాలాడటానికి చెక్క పేళ్ళు కొన్ని. గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. మన వంటింటి చెత్తలో నీరెక్కువ కనుక ఎండుది పుస్తకాల్లో చెప్పినదానికంటే కాస్త ఎక్కువే వేయాలని నా అభిప్రాయం. ఎండుది తగ్గితే పెట్టె కుళ్ళు కంపు కొడుతుంది, తప్పు పెట్టెది కాదు. లాన్ కోసిన గడ్డి బ్రహ్మాండంగా వేడెక్కిస్తుంది గాని, కలుపు మందు కొట్టిన లాన్ గడ్డి వేయకండి. ఆ మందుల్లో కొన్ని ఎరువులో కూడా మిగిలి చిక్కుడు, టొమాటో మొక్కల్ని మెలితిప్పేస్తాయి.

ఇక డబ్బు. పెట్టె 280 యూరోలనుకుందాం. వారానికి అయిదు కిలోల చొప్పున ఏడాదికి 260 కిలోలు. అందులో సగానికి పైగా ఆవిరిగా, గాలిగా పోతుంది. మిగిలేది సుమారు 200 లీటర్ల ఎరువు, అంటే 50 లీటర్ల సంచులు నాలుగు. సంచీ ఎనిమిది యూరోలైతే ఏడాదికి మిగిలేది 32. పెట్టె ఖరీదు తిరిగి రావడానికి తొమ్మిదేళ్ళు! చెత్త బండి ఖర్చు కలిసొస్తుందనేవారున్నారు గాని, 2024 నుంచి ఐర్లండ్‌లో ఇళ్ళన్నింటికీ బ్రౌన్ బిన్ ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. వండిన అన్నం, ఎముకలు అందులో వేయవచ్చు. కనుక వట్టి చెత్త వదిలించుకోవడానికే అయితే పెట్టె అనవసరం.

డబ్బుకందని లెక్క ఒకటుంది. కొట్లో దొరికే సంచుల్లో చాలావాటికి నేటికీ పీట్ మట్టే ఆధారం. వేల ఏళ్ళలో పేరుకున్న చిత్తడి నేలల్ని తవ్వి తీసిన మట్టి అది. బోర్డ్ నా మోనా సంస్థ పీట్ తవ్వకానికి స్వస్తి చెప్పినట్టు 2021లో ప్రకటించింది. సొంత ఎరువు చేసుకునేవారికి ఆ సంచుల అవసరం తగ్గుతుంది. ఇది విలువైనదనుకునేవారు తొమ్మిదేళ్ళ లెక్క చూసి బెదరనక్కర్లేదు.

నన్నడిగితే, కొనకముందు నాలుగు వారాలు వంటింటి చెత్తను తక్కెడలో తూచండి. పండగ వారం లెక్కలోకి తీసుకోవద్దు, ఆ వారం ఎవరింట్లోనైనా పది కిలోలు తేలుతుంది. సగటు అయిదు దాటి, కూరగాయల మడులు రెండైనా ఉంటే కొనండి. మూడు కిలోల లోపైతే మామూలు డబ్బా ఒకటి, రాలిన ఆకులకు తీగవల చుట్టొకటి చాలు. వండినది బ్రౌన్ బిన్‌కు పోతుంది. మధ్యలో ఉన్నవారు ఇరుగుపొరుగు తెలుగు కుటుంబంతో కలిసి కొనుక్కోవచ్చు, చెత్తా పంచుకోవచ్చు. అద్దె ఇంట్లో ఉన్నవారికి ఒక సౌకర్యం: ఖాళీ చేస్తే పెట్టె తేలిక, కారులో వేసుకుపోవచ్చు. సెలవులకు నెల రోజులు ఇండియా వెళ్ళినప్పుడు అది చల్లబడుతుంది, కంగారుపడొద్దు. తిరిగొచ్చాక గడ్డీ, అట్టముక్కలూ వేసి కలియబెట్టి, వేడినీళ్ళ సీసా ఒకటి మధ్యలో పెడితే మళ్ళీ రాజుకుంటుంది.

మూడు నెలలకు అడుగు తలుపు తీస్తే నల్లగా వచ్చేదాన్ని వెంటనే మొక్కల మొదట్లో వేయకండి, ఇంకో నెల బస్తాలో మాగనివ్వండి. తయారైందో లేదో తెలుసుకోవడానికి యంత్రమేమీ అక్కర్లేదు. చిన్న కుండీలో నింపి పది మెంతులు చల్లండి. నాలుగైదు రోజుల్లో ఎనిమిదైనా మొలిస్తే గోంగూర మడికి వేసుకోవచ్చు.