మిషన్‌ మొరాయిస్తే... పిస్టన్‌నే అడగండి!

ఖర్జూర తోటల్లో పనిచేసేవాళ్లకి, రోడ్డు పనికి ముందు చెట్లు తొలగించే గ్యాంగులకి చెయిన్‌ సా కొత్తేం కాదు. అరబ్బులు మిన్‌షార్‌ అంటారు. మన క్యాంపుల్లో కట్టర్‌ మిషన్‌ అంటే అందరికీ అర్థమైపోతుంది. పెద్ద పనులకు వాడే హుస్క్‌వార్నా 372 ఎక్స్‌పీ లాంటి మిషన్‌లో ఉండేది 70.7 సీసీ ఇంజనే. పాత చేతక్‌ స్కూటర్‌ ఇంజనులో సగం! కానీ ఫుల్‌ రేస్‌ ఇస్తే నిమిషానికి 13 వేల చుట్లు తిరుగుతుంది. అందుకే ఇది పాడవడానికి నెలలక్కర్లేదు, ఒక్క పూట చాలు. పాడయ్యాక మాట పడేది ఎవరు? చేతిలో పట్టుకున్న మనిషే.

2021 అక్టోబర్‌ 3న షాహీన్‌ తుపాను ఒమన్‌లోని బాతినా తీరాన్ని కొట్టింది. సువైక్‌, ఖాబూరా వైపు ఖర్జూర చెట్లు ఎక్కడికక్కడ పడిపోయాయి. తర్వాత కొన్ని వారాలు నా గ్యాంగుకి అదే పని. పడిన మొద్దులు కోయడం, బురద తీయడం. ఖర్జూర మొద్దు అసలే పీచు, దానికి బురద, ఇసుక తోడయ్యాయి. రోజుకో మిషన్‌ మూలకి చేరేది. ఒకరోజు జగిత్యాల తమ్ముడొకడు ఏడుపు మొహంతో వచ్చాడు. "అన్నా, మిషన్‌ పట్టేసింది. ఆయిల్‌ కలపలేదని నా జీతంల 60 రియాళ్లు కోస్తమంటున్రు. నేను కలిపిన్నే!"

కలిపాడో లేదో మాటల మీద ఎలా తేలుతుంది? ఇంజను విప్పితే తేలుతుంది.

పిస్టన్‌ ఏం చెబుతుంది?

దీనికి పెద్ద రిపేరేం అక్కర్లేదు. ఇంజను చల్లారాక సైలెన్సర్‌ బోల్టులు తీసేస్తే సిలిండర్‌ కిటికీ కనబడుతుంది. స్టార్టర్‌ తాడు మెల్లగా లాగుతూ టార్చి వేసి చూడండి. మంచి పిస్టన్‌ పక్కలు నున్నగా ఉంటాయి. సైలెన్సర్‌ వైపు మాత్రమే నిలువు గీతలుంటే వేడెక్కి పట్టేసిందని అర్థం. అంటే లోపలికి గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువైంది. అన్ని వైపులా గీతలుంటే ఆయిల్‌ లేకుండా నడిచిందేమోనని అనుమానించాలి. కార్బురేటర్‌ వైపు గీతల్లేకుండా గరుకు కాగితంతో రుద్దినట్టు బూడిద రంగులో మసకగా అరిగిందనుకోండి... అది దుమ్ము పని. అంటే ఫిల్టర్‌ సంగతి చూడాలి.

మొదటి రెండింటికీ తేడా తేల్చడం ఒక్కోసారి కష్టం. అప్పుడు ట్యాంకులో మిగిలిన పెట్రోలు పారబోయనీయకండి. తెల్ల కాగితం మీద నాలుగు చుక్కలు వేసి నీడన ఆరనివ్వండి. ఒట్టి పెట్రోలైతే ఆవిరైపోతుంది. ఆయిల్‌ కలిసి ఉంటే జిడ్డు మరక మిగులుతుంది. లేబొరేటరీ పరీక్ష కాదు గానీ, ఫోర్‌మన్‌ ముందు పెట్టడానికి చాలు.

ఆ తమ్ముడి మిషన్‌ విప్పితే కార్బురేటర్‌ వైపు అరిగి ఉంది. ఫిల్టర్‌ చూస్తే అంచున చిరుగు! కొత్త ఫిల్టర్‌ కావాలని అంతకు రెండు వారాల ముందు రాసిచ్చిన చీటీ స్టోర్‌లోనే పడి ఉంది. కోత రద్దయింది. పిస్టన్‌ నోరు విప్పబట్టి సరిపోయింది గానీ, చీటీ ఒక్కదాన్ని నమ్ముకుంటే 60 రియాళ్లు పోయేవే.

ఆయిల్‌ లెక్క అందరికీ తెలిసినా మళ్లీ చెబుతా. మంచి టూ స్ట్రోక్‌ ఆయిలైతే 50కి 1, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 5 లీటర్ల డబ్బాకి 100. కంటి అంచనాతో పోయొద్దు, కొలత సీసా వాడండి. ఈ ఇంజనుకి అడుగున వేరే ఆయిల్‌ ఉండదు. పెట్రోలుతో వచ్చిందే దానికి తిండి.

బోరు కొట్టిస్తే సరిపోదా?

మన ఊళ్లో స్కూటర్‌ ఇంజను పట్టేస్తే లేత్‌ షాపుకి తీసుకెళ్లి బోరు కొట్టించి, ఓవర్‌సైజ్‌ పిస్టన్‌ వేసేవాళ్లం. అది ఇనుప సిలిండర్‌ కాబట్టి నడిచింది. ఈ మిషన్లలో సిలిండర్‌ అల్యూమినియం. లోపల నికెల్‌, సిలికాన్‌ కార్బైడ్‌ కలిసిన పలచటి, గట్టి పూత ఉంటుంది. బోరు కొడితే ఆ పూతే పోతుంది. అయితే పట్టేసిన సిలిండరల్లా పనికిరాదనుకోకండి. చాలాసార్లు పిస్టన్‌ అల్యూమినియమే కరిగి గోడకి అంటుకుని ఉంటుంది. టైల్స్‌ కడిగే యాసిడ్‌ని దూది పుల్లతో ఆ మరక మీద మాత్రమే అద్దితే బుడగలొచ్చి అది కరుగుతుంది. బుడగలు ఆగితే పూత బాగుందన్నమాట, వెంటనే నీళ్లతో కడిగి తుడవాలి. బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే పూత పోయి అసలు సిలిండర్‌నే తింటోందన్నమాట, ఇక దాన్ని మార్చాల్సిందే. కిటికీల అంచులకి యాసిడ్‌ తగలనివ్వద్దు. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయటే చేయండి, క్యాంపు రూములో మాత్రం వద్దు.

కొత్త పిస్టన్‌ వేసేటప్పుడు దాని నెత్తిన ఉన్న బాణం సైలెన్సర్‌ వైపు చూడాలి. రింగు కొసలు గాడిలోని చిన్న పిన్నుకి రెండు పక్కలా కూర్చోవాలి. లేకపోతే రింగు కిటికీలో తగిలి విరుగుతుంది. పిన్ను లాకులు పాతవి వాడొద్దు, వాటి నోరు పైకో కిందికో ఉండాలి గానీ పక్కకి కాదు. క్లచ్‌ విప్పడానికి ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవర్‌ దూర్చేవాళ్లని చూశాను. పిస్టన్‌కి చిల్లు పడుతుంది! బదులుగా స్టార్టర్‌ తాడు ముక్క దూర్చండి.

బిగించాక అసలు పరీక్ష గాలి లీకు. సైలెన్సర్‌ వైపు, కార్బురేటర్‌ వైపు రబ్బరు ముక్కతో మూసి, చేతి పంపుతో అర బార్‌ ప్రెషర్‌ పెడితే నిలబడాలి. తర్వాత అంతే వాక్యూమ్‌తోనూ చూడాలి. దిగిపోతుంటే క్రాంక్‌ సీలో, కార్బురేటర్‌ రబ్బరో పోయింది. దీన్ని వదిలేసి కొత్త పిస్టన్‌ వేస్తే అదీ నెల తిరక్కుండా పట్టేస్తుంది. మెకానిక్‌ "కంపెనీ పిస్టన్‌ కాదన్నా" అంటాడు. పాపం పిస్టన్‌ది కాదు.

పవర్‌ పెంచాలనుకుంటే...

కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ముందు పోయిన పవర్‌ తెచ్చుకోండి. పొట్టు పలుకులుగా కాక పిండిలా రాలుతుంటే చెయిన్‌ మొద్దుబారింది. ఇసుక మొద్దుల్లో ఇది గంటకోసారి జరుగుతుంది. సైలెన్సర్‌లో నిప్పురవ్వలు ఆపే జాలీ మసి పట్టి మూసుకుపోయినా మిషన్‌ నీరసిస్తుంది. బ్రష్‌తో రుద్దితే చాలు.

ఇవన్నీ చేశాక కూడా కావాలంటే సైలెన్సర్‌ నోరు కొంచెం పెద్దది చేయడం అందరూ చేసే పని. పొగ సులువుగా పోతే ఇంజను గాలి ఎక్కువ పీలుస్తుంది, నిజంగానే జోరు పెరుగుతుంది. కానీ దానికి తగ్గ పెట్రోలు కూడా అందాలి. హెచ్‌ స్క్రూ కొద్దిగా వదులు చేసి చెవి పెట్టి వినండి. లోడు లేకుండా ఫుల్‌ రేస్‌లో శబ్దం కొంచెం తడబడాలి, మొద్దులో దిగగానే నున్నగా కావాలి. గాల్లోనే నున్నగా కూస్తోందంటే ముప్పు దగ్గరపడినట్టే. జాలీ మాత్రం తీసేయకండి. ఎండిన ఖర్జూర మట్టల మీద ఒక్క రవ్వ పడితే తోటే అంటుకుంటుంది. శబ్దం కూడా పెరుగుతుంది కాబట్టి చెవులకి మఫ్‌లు తప్పనిసరి. ఆటోట్యూన్‌, ఎం ట్రానిక్‌ అని రాసున్న మిషన్లకి ఈ స్క్రూ గొడవ లేదు, అవే సర్దుకుంటాయి.

కింద ప్యాకింగ్‌ తీసేసి కంప్రెషన్‌ పెంచేవాళ్లున్నారు. తీసేముందు ప్లగ్గు రంధ్రంలోంచి సోల్డర్‌ తీగ సిలిండర్‌ గోడ దాకా పెట్టి ఒక చుట్టు తిప్పండి. నలిగిన కొసని వెర్నియర్‌తో కొలవండి. ప్యాకింగ్‌ మందం పోగా అర మిల్లీమీటరు మిగలకపోతే ఆ ఆలోచన మానుకోండి. కిటికీలని ఆకురాయితో పెద్దవి చేయడమైతే సైట్‌ మిషన్‌కి నేను ఒప్పుకోను. అది పోటీల వాళ్ల సరదా.

కాంక్రీటు కోసే పెట్రోల్‌ డిస్క్‌ కట్టర్‌ కూడా ఇదే జాతి ఇంజను. దాని మీద మాత్రం ఇలాంటివేం చేయొద్దు. 14 అంగుళాల డిస్కు మీద 5,460 అనో ఇంకేదో అంకె ఉంటుంది చూడండి, అది దాటితే డిస్కు ముక్కలై ఎగరొచ్చు. ఎదురుగా ఉండేది మీ మొహమే.

ఇంకోటి. జులైలో 45 డిగ్రీల ఎండలో సెట్‌ చేసిన కార్బురేటర్‌ జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో సరిపోదు. చల్లగాలి 10 శాతం చిక్కగా ఉంటుంది, పెట్రోలు మాత్రం పాత లెక్కే. శీతాకాలం రాగానే స్క్రూ మళ్లీ చూసుకోవాలి.

ఈ పని చేతికొస్తే ఇంటి దగ్గరా పనికొస్తుంది. పత్తికి మందు కొట్టే తైవాన్‌ స్ప్రేయర్లలో, గడ్డి కోసే బ్రష్‌ కట్టర్లలో ఎక్కువగా ఉండేది ఇదే టూ స్ట్రోక్‌ ఇంజను. బాతినాలో నాతో పనిచేసిన మెట్‌పల్లి అన్న ఒకాయన 2023లో ఊరెళ్లిపోయి రిపేర్‌ షాపు పెట్టాడు. సీజన్‌లో చేతినిండా పనేనట. మిషన్‌ తెచ్చే రైతుని పెట్రోల్‌ డబ్బా కూడా తెమ్మంటాడట. ముందు నాలుగు చుక్కలు కాగితం మీద వేసి, ఆ తర్వాతే సైలెన్సర్‌ బోల్టు మీద చేయి వేస్తాడు.