కోరుకొండ మేనత్త

గోదావరి మండలమునందలి పాతకాలపు ఉమ్మడి కుటుంబములలో, బాల్యముననే భర్తను కోల్పోయి పుట్టింటికి తిరిగివచ్చి, అన్నదమ్ముల బిడ్డలను తన బిడ్డలుగా పెంచి, భగవంతుని నమ్మి బ్రదుకు వెళ్లదీసిన మేనత్త ఒకతె ఉండుట సర్వసాధారణము. అట్టివారి కథ చరిత్ర గ్రంథములలో చేరలేదు. ఇండ్లలోను చెప్పెడివారు నానాటికి తగ్గిపోవుచున్నారు. మా ఇంట అట్టి మేనత్త కోరుకొండలో తన జీవితమంతయు గడపెను. ఆమెను గూర్చి వ్రాసినచో ఆమెవంటి వారందరిని గూర్చి కొంత చెప్పినట్లగునని నా విశ్వాసము.

కోరుకొండ రాజమహేంద్రవరమునకు ఉత్తరముగా ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరమున నున్నది. కాకతీయ సామ్రాజ్యము కూలిన పిదప, 14వ శతాబ్దమున, ముమ్మడి నాయకుడు దీనిని రాజధానిగా చేసికొని యేలెను. శ్రీరంగమునకు చెందిన పరాశర భట్టును గురువుగా వరించి వైష్ణవమునకు ఆశ్రయ మిచ్చెను. పరాశర మహర్షి ఈ కొండమీద తపస్సు చేసెనని స్థలపురాణము. ఆరువందలకు పైబడిన నిటారు మెట్ల చివర లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. ఊరిలో ఏ పెరటినుండి తలయెత్తినను ఆ కొండ కానవచ్చును. మా మేనత్త తెల్లవారుజామున నూతియొద్ద స్నానముచేసి, తడిబట్టతోనే అటు తిరిగి చేతులు జోడించిన తరువాతగాని పొయ్యి రాజేసెడిది కాదు.

ఆమె కోరుకొండలోనే ఉండిపోయిన కారణము చెప్పవలెనన్న యానామును గూర్చి చెప్పవలెను. 1930 ఏప్రిల్ 1వ తేదీన శారదా చట్టము అమలులోనికి వచ్చి, 14 ఏండ్లు నిండని బాలికకు వివాహము చేయుట నేరమైనది. కాని ఫ్రెంచివారి ఏలుబడిలోనున్న యానామునకు ఆ చట్టము వర్తింపదు. అందుచేత చుట్టుపట్ల తాలూకాలవారు పసిపిల్లలను వెంటబెట్టుకొని, పడవలలోను ఎడ్లబండ్లమీదను యానాము చేరి, అచట పెండ్లిండ్లు జరిపించి మరలివచ్చెడివారు. పెండ్లిండ్ల ఆధిక్యమువలన ఆ పట్టణమునకు కల్యాణపురమను పేరే వచ్చెను. మా మేనత్త పెండ్లియు అచటనే జరిగినది. ఆమె కాపురమునకు పోకమునుపే వరుడు విషజ్వరమున మరణించెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించి అప్పటికి అర్ధ శతాబ్దము కడచినది. పంతులుగారు తెరచిన ఆ దారి ఒక పూట ప్రయాణపు దూరముననే యున్నను మా ఇంటి గడపదాక రాలేదు. దీనిని విధి యని కొందరందురు. నేను పెద్దలు చేసిన అన్యాయమనియే యందును. ఆమె తరువాత ఎంత గొప్పగా బ్రదికినను ఆ అన్యాయము న్యాయము కాజాలదు. 1956లో హిందూ వారసత్వ చట్టము వచ్చినప్పుడైనను, మెట్టినింట తనకు రావలసిన భాగమేదైన నున్నదా యని అడుగవచ్చునని ఆమెకు చెప్పినవారు లేరు.

అయినను ఆమెను తలచికొన్నపుడు మాకు ముందుగా స్ఫురించునది ఆమె దుఃఖము కాదు, ఆమె సామర్థ్యము. ఇంట జరిగిన ప్రతి పురుడు ఆమె చేతిమీదుగనే జరిగినది. బాలింతకు కాయము నూరి ముద్దలు కట్టుట, పసిబిడ్డకు ఆముదము పట్టించి కాళ్లమీద పరుండబెట్టి నీళ్లు పోయుట, నాలుకపై వసకొమ్ము అరగదీసి రాయుట, వేసవిలో మాగాయ, ఆవకాయ జాడీల కెత్తుట, ఏ బంధువు తద్దినము ఏ తిథినాడో పంచాంగము చూడకయే చెప్పుట, ఇవన్నియు ఆమెకు కరతలామలకములు. అక్షరములు కూడబలుకుకొని నేర్చిన ఆమె, పోతన భాగవతమందలి ప్రహ్లాద చరిత్రను తప్పు పోకుండ అప్పగించెడిది. మాలో సగముమందికి పద్యమునందు రుచి కలుగుటకు ఆమె కంఠమే కారణము. పారాయణ నడుమ పసివాడు ఏడ్చినచో పుస్తకము మూసి లేచెడిది. "ముందు పిల్లలకు పెట్టండర్రా, నా పారాయణ ఎక్కడికీ పోదు" అనుట ఆమెకు అలవాటు.

ఆమె భక్తియు గృహసేవయు ఒక్కటియైపోయిన దినము ఫాల్గుణ శుద్ధ ఏకాదశి. నాడు కోరుకొండ తీర్థము. స్వామివారి రథోత్సవము, కల్యాణము. ఊరి ప్రతి ఇంట చుట్టములు దిగుదురు. ఆమెకు ఏకాదశి ఉపవాసము. నోట నీటిబొట్టు పడదు. అట్టి దినముననే మడికట్టుకొని, వచ్చినవారందరకు పనసపొట్టు కూర, దప్పళము, పులిహోర వండి, కొసరి కొసరి వడ్డించి, చివరి విస్తరి లేచిన పిదప కొండయెక్కెడిది. మంగళకార్యములలో తాను ముందుకు రాగూడదని ఊరు విధించినను, స్వామి కల్యాణమున తలంబ్రాలు పడువేళ ఆమె కన్నులు అందరికంటె ఎక్కువగా వెలుగుచుండెడివి. పుట్టినింటి పెండ్లిండ్లలో ఆడపడుచుగా దీపము పట్టి నిలువవలసిన ఆమెను వంటింటికే పరిమితము చేసిన ఆచారము, ఆ కొండపైన మాత్రము ఆమెను ఆపలేకపోయినది.

ఈ సీమలో అన్నము పెట్టుట దైవసేవ యనుటకు డొక్కా సీతమ్మగారు సాటిలేని సాక్ష్యము. 1841లో మండపేటలో జన్మించి, లంకలగన్నవరమున మెట్టి, 1909లో పరమపదించువరకు ఆమె వచ్చినవారికి లేదనకుండ అన్నము పెట్టెను. అంతర్వేది నరసింహస్వామి కల్యాణమునకు బయలుదేరి, త్రోవలో పెండ్లివారొకరు ఆకలితో తమ ఇంటికే వచ్చుచున్నారని విని వెనుకకు మరలెనని ఇప్పటికిని చెప్పుకొందురు. వైనతేయపై కట్టిన అక్విడక్టుకు ఆమె పేరు పెట్టిరి. 2024లో పాఠశాలల మధ్యాహ్న భోజనమునకును ఆ పేరే పెట్టిరి. ఇది ఎంతయు ఉచితము. అయితే సీతమ్మగారి అన్నము ఊరంతయు ఎరిగినది. మేనత్తల అన్నము తిన్న బిడ్డలు తప్ప ఎరిగినవారు లేరు గనుక, వారిని నిలుపవలసిన భారము ఆ బిడ్డలదే.

శాస్త్రము ఈ విషయమున మనకంటె ఉదారముగా నున్నది. మహాలయ పక్షమందును, తీర్థ శ్రాద్ధములందును, తలిదండ్రులు తాతముత్తాతలతో ముగింపక, కారుణ్య పితృదేవతల వరుసలో మేనత్తకును, పినతల్లికిని పేరు గోత్రము చెప్పి పిండ ముంచవలెనని విధించినది. 2015 పుష్కరములలో రాజమహేంద్రవరపు రేవున పురోహితుడు "మీ మేనత్తగారి పేరు?" అని అడుగగా, పెద్ద చదువులు చదివినవారు సైతము మాటరాక నిలిచిపోవుట నేను కన్నులార చూచితిని. పుట్టినది మొదలు అత్తయ్య యనియే పిలిచినవారికి పేరు తెలియలేదు. వివాహముతో గోత్రము మారినది గనుక అదియు తెలియలేదు.

మరల 2027లో గోదావరికి పుష్కరములు రానున్నవి. పాఠకులారా, మీ ఇంట వయోవృద్ధులు ఇంకను ఉన్నారు. వారినడిగి, మీ మేనత్త పేరు, మెట్టినింటి గోత్రము, పుట్టిన ఊరు, ఆమె గతించిన తిథి, ఆమె పెంచిన బిడ్డల పేర్లు ఒక పుస్తకమున ఇప్పుడే వ్రాసియుంచుడు.