అలసిపోయే సున్నం

పిల్లలూ, సున్నపుతేటలో గొట్టం పెట్టి ఊదితే అది పాలలాగా తెల్లబడుతుంది. (ఊదాలి సుమా, పీల్చకూడదు!) మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుని సున్నం సుద్దగా మారటమే దీనికి కారణం.

బొగ్గు మండించి విద్యుత్తు తీసేచోట ఈ వాయువే విపరీతంగా పుట్టి, పైకి పోయి, భూమిని వేడెక్కిస్తున్నది. ద్రవాలతో దాన్ని పట్టాలంటే ముందు పొగను చల్లార్చాలి. సున్నానికి ఆ బాధ లేదు. 650 డిగ్రీల వేడిలో పొడిసున్నం దాన్ని చురుగ్గా మింగుతుంది. ఆ పొడిని వేరే కొలిమిలో 900 డిగ్రీలకు కాలిస్తే, మింగినది కక్కి మళ్ళీ సున్నమవుతుంది. కక్కిన వాయువును భూగర్భంలో దాచవచ్చు. లెక్కప్రకారం 56 కిలోల సున్నం 44 కిలోల వాయువును పట్టగలదు!

1999లో జపానులో షిమిజు, ఆయన సహచరులు ఈ జంట కొలుముల పద్ధతిని సూచించారు. 2012లో స్పెయిన్ దేశపు లా పెరేదాలో, విద్యుత్ కేంద్రం పక్కనే చిన్న కర్మాగారం కట్టి, నిజమైన పొగతోనే దీన్ని పరీక్షించారు. పొగలోని బొగ్గుపులుసు వాయువులో నూటికి 90 పాళ్ళదాకా చిక్కింది.

అయితే సున్నం అలసిపోతుంది! దాని రేణువుల నిండా సన్నని రంధ్రాలుంటాయి. వాయువు దూరేది వాటిలోకే. కాల్చినప్పుడల్లా రేణువులు ఒకదానికొకటి అతుక్కుని రంధ్రాలు పూడిపోతాయి. కొన్ని పదులసార్లు తిరిగేసరికి మొదటి శక్తిలో కొద్దిపాటే మిగులుతుంది.

అందుకని శాస్త్రజ్ఞులు సున్నపు రేణువుల మధ్య ఆ వేడికి చెక్కుచెదరని మెగ్నీషియా, అల్యూమినా పొడులను అడ్డుగోడలుగా పెట్టి చూస్తున్నారు. గోడలు బాగానే నిలుస్తాయిగాని, ఖరీదు పెరుగుతుంది. సున్నపురాయి మాత్రం బహు చవక. పైగా అలసిన సున్నం పారవేయనక్కరలేదు, సిమెంటు చేసేవారికి పనికివస్తుంది.