అర్జీకి తగిన మన్నన

ఎదుటివారితో మన వరస ఏమిటో తెలుగులో క్రియాపదం చివరే తేలిపోతుంది గనుక, ఉత్తరమైనా ఈమెయిలైనా సంబోధన దగ్గర ఎంచుకున్న మన్నన, అంటే గౌరవపు స్థాయి, సంతకం దాకా నిలబడాలి. 'నువ్వు' అంటే 'పంపు', 'మీరు' అంటే 'పంపండి', 'తమరు' అంటే 'పంపగలరు' అన్నవి జతలు. పైన 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టి కింద 'వెంటనే పంపు' అని ముగిస్తే చదివేవారికి మొదటి మాట కూడా అబద్ధంగానే తోస్తుంది.

2021లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలను కొత్త రకం తామరపురుగు పట్టి పూతను తినేసింది. అలాంటి నష్టాన్ని ఒక రైతు పట్నంలోని అన్నకు రాస్తే 'అన్నయ్యా, తోట పోయింది, ఓ యాభై వేలు సర్దు' అన్నది చాలు. అక్కడ 'ప్రార్థన' అని రాస్తే అన్న మనసు నొచ్చుకుంటుంది. మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారికైతే 'ఏసీలో ఉన్న నా టిక్కీలు ఈ వారం అమ్మకానికి పెట్టండి' అని రాస్తారు (ఏసీ అంటే శీతల గిడ్డంగి, టిక్కీ అంటే మిరపకాయల బస్తా). అదే మండల వ్యవసాయాధికారికి రాసే అర్జీలో ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం చెప్పి, 'పొలం పరిశీలించి పంటనష్టం నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను' అనడం తగినది. నష్టం నమోదు చేయడం అధికారి విధి కాబట్టి 'కోరుతున్నాను' అన్న మాటలో తక్కువేమీ లేదు. 'పాదాలు పట్టి వేడుకుంటున్నాను' అని రాసినందువల్ల అర్జీకి బలం చేకూరదు, సర్వే నంబరు తప్పు పడితే మాత్రం అది అక్కడే ఆగిపోతుంది.

పాత ఉత్తరాల్లో పెద్దలకు 'మహారాజశ్రీ', ముత్తైదువకు 'చి.ల.సౌ.', భర్త పోయిన స్త్రీకి 'గంగాభాగీరథీ సమానురాలు' అన్న సంబోధనలుండేవి. ఉత్తరం విప్పగానే ఆమె వైధవ్యాన్ని గుర్తుచేసే ఆ చివరి మాట మరుగున పడడమే మేలు.

ఇక సర్కారుకు రాసే భాష సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి సత్తెనపల్లికి చెందిన వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షులయ్యారు. పాలన తెలుగులో సాగాలన్న ఆ పట్టుదల వెనుక, సామాన్యుడు తన మాటల్లోనే సర్కారుకు రాసుకోగలగాలన్న ఆశ ఉంది. అయినా నేటికీ ఎన్నో అర్జీలు రాజుల కాలపు 'దివ్యసముఖమునకు' అన్న మాటతోనే మొదలవుతున్నాయి.

ఈమెయిలులో 'విషయం' అన్న వరుస ఉంటుంది గనుక సంగతి అక్కడే ఒక్క వాక్యంలో చెప్పి, 'నమస్కారం' తర్వాత నేరుగా పనిలోకి దిగవచ్చు. చిక్కల్లా సంబోధన దగ్గరే: అలవాటుగా 'అయ్యా' అని రాసిన అర్జీ మహిళా అధికారి చేతికి చేరితే ఎబ్బెట్టుగా ఉంటుంది. 'వ్యవసాయాధికారి గారికి' అని రాస్తే ఆ ఇబ్బంది ఉండదు, ఎందుకంటే 'గారు' అన్న మాటకూ, దాని వెంట వచ్చే 'చేశారు', 'చూశారు' వంటి క్రియలకూ ఆడ మగ తేడా లేదు.