కిరసనాయిలు కబుర్లు

సోలాపూర్ తూర్పు భాగంలో దీనికి రెండు పేర్లు. పద్మశాలి ఇంట్లో తెలుగులో కిరసనాయిలు, గల్లీ దుకాణంలో మరాఠీలో రాకేల్. పేరు మారినా వాసన మారదు!

మీకు తెలుసా? ‘కిరోసిన్’ పేరులో మైనం దాగి ఉంది! గ్రీకులో ‘కెరోస్’ అంటే మైనం. 1854లో ఆ పేరును తన సొంతంగా నమోదు చేయించుకున్నవాడు కెనడాకు చెందిన అబ్రహం గెస్నర్.

సాంచాకు, అంటే మరమగ్గానికి, పట్టిన గ్రీజు ఎన్ని నీళ్లు పోసినా కదలదు. కిరసనాయిలు గుడ్డతో తుడవండి, మాయం! రెండూ హైడ్రోకార్బన్ల వంశమే. చుట్టాలు కలిస్తే కరిగిపోరూ?

సోలాపూర్ చద్దరు మీది పువ్వు మగ్గం మీదే పూస్తుంది. మరి బట్ట మీద అద్దే పువ్వు? పిగ్మెంట్ అద్దకంలో కిరోసిన్‌ను కాసిన్ని నీళ్లతో, రెంటినీ కలిపి ఉంచే మందు వేసి గిలక్కొడితే తెల్లటి మీగడలా చిక్కబడుతుంది. రంగును బట్టకు అప్పగించి, వేడి తగలగానే గాల్లో కలిసిపోతుంది. పువ్వు ఇక్కడ, పూయించినవాడు పరార్!

మీకు తెలుసా? మన దేశ ప్రమాణం ప్రకారం, 35 డిగ్రీల లోపు కిరోసిన్ ఆవిరి నిప్పు అందుకోకూడదు. మరి మే నెలలో సోలాపూర్ ఎండ? 40 దాటుతుంది! రేకుల షెడ్డులో డబ్బా మూత తీసి పెట్టారంటే ఒక్క రవ్వ చాలు. సాంచా కింద పేరుకున్న దూది నుసి మీద ఒలికిందా, ఇంకేముంది, షెడ్డంత పొడుగు దీపపు వత్తి!

అంటుకుంటే నీళ్లు పోస్తారా? వద్దు బాబోయ్! లీటరు కిరోసిన్ బరువు సుమారు 800 గ్రాములే. నీళ్ల మీద తేలుతూ, మంటను వెంటేసుకుని ఊరేగుతుంది. ఇసుక పోయండి.

నిప్పు చూపకుండా, వట్టి వేడికి ముందుగా భగ్గుమనేది ఏది? పెట్రోలా, కిరోసినా? కిరోసినే! దాదాపు 220 డిగ్రీలు చాలు. పెట్రోలుకు అంతకంటే ఎక్కువ వేడి కావాలి.

1969లో చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్-5 రాకెట్ మొదటి దశ తాగిందేమిటో తెలుసా? శుద్ధి చేసిన కిరోసినే! సుమారు 7,70,000 లీటర్లు, మూడు నిమిషాల్లోపే. మన 5 లీటర్ల డబ్బాలైతే లక్షా 54 వేలు!

ఇంకొకటి, గుండె ఝల్లుమనేది. రేషన్ కిరోసిన్ కల్తీకి దొరక్కుండా నీలిరంగు కలుపుతారు. షర్బత్తు అనుకుని పిల్లవాడు గుటకేస్తే వాంతి చేయిస్తారా? అస్సలు వద్దు! కడుపులోకి పోయినదానికంటే వాంతిలో ఊపిరితిత్తుల్లోకి జారిన కొన్ని చుక్కలే ప్రాణం మీదికి తెస్తాయి. నేరుగా ఆసుపత్రికి పరుగెత్తండి.